గేదెకి కాల్షియం, పిచ్చమ్మకి పథ్యం

నడుంనొప్పి రోగం కాదండీ, వరం! అందునా మిరపచేలున్న ఊళ్ళో ఆడమనిషికి వచ్చే నడుంనొప్పి మహా వరం!

కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి. మిరపకాయ కోయాలంటే వంగాలి. కలుపు తియ్యాలంటే వంగాలి. పత్తి ఏరాలన్నా, పేడ ఎత్తాలన్నా, అంట్లు తోమాలన్నా వంగాలి. మామూలు మనిషి రోజుకి వెయ్యిసార్లు వంగి వెయ్యిసార్లు లేవాలి. అదే నడుం పట్టేసిన మనిషైతే? ఒక్కసారి వంగితే చాలు, ఇక లేవక్కర్లేదు! ఎంత శ్రమ ఆదా!

మర్యాద కూడా ఎక్కువే. ఇంటికి ఆడపడుచు వచ్చినా, ఎమ్మార్వో వచ్చినా ప్రత్యేకంగా వంగే పని లేదు. చూసినవాళ్ళు 'ఆహా, ఎంత వినయం!' అనుకుని వెళ్ళిపోతారు.

గాలి కబుర్లంటారా? కాదు, రుజువుంది. రుజువు పేరు పిచ్చమ్మ.

ప్రత్తిపాడు అవతల నల్లరేగడి ఊళ్ళో ఉంటుంది. ఈ కథ జరిగిన రెండువేల మూడులో ఆమెకి నలభై నాలుగేళ్ళు. భర్త యలమందయ్యకి మూడెకరాల మిరప, ఎకరం పత్తి, ఒక గేదె. కొడుకు శ్రీకృష్ణ డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. గుంటూరులో కొంచెం, ఇంట్లో మంచం మీద ఎక్కువగా వెతుక్కుంటున్నాడు.

పిచ్చమ్మ భోజనం గురించి ముందే చెప్పాలి. యలమందయ్య తిన్నాక, శ్రీకృష్ణ తిన్నాక, చుట్టం ఎవరైనా వస్తే ఆ చుట్టం తిన్నాక, గిన్నె అడుగున ఏది మిగిలితే అది ఆమె భోజనం. పప్పులో పప్పు వాళ్ళకి, తిరగమోతలో మిరపకాయ ఆమెకి. చేపల పులుసులో చేప వాళ్ళకి, పులుసు ఆమెకి. గేదె పూటకి మూడు లీటర్లిచ్చేది. పాలు పాలకేంద్రానికి, ఇంటికి ఉంచిన కాసిని తోడేస్తే పెరుగు మగవాళ్ళకి, మజ్జిగ మీది తేట ఆమెకి. ఏమీ మిగలకపోతే అన్నంలో ఇంత గొడ్డుకారం, పైన చుక్క నూనె.

ఆమెని తినొద్దని ఎవరూ అనలేదు. ఆ న్యాయం చెప్పుకోవాలి. తినమని కూడా ఎవరూ అనలేదు, అంతే!

మాఘమాసంలో రెండో కోత నడుస్తోంది. పక్క సాలులో రసూల్‌బీ కోస్తోంది. ఆమె ఆ ఊరి మనిషే, పిచ్చమ్మ ఈడుదే, ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు ఆమెది. పిచ్చమ్మ నిండిన గంప ఎత్తుకుందామని వంగింది. వీపు కింద ఏదో పుటుక్కుమంది. అంతే, కళ్ళ ముందు ఎర్రటి కాయలన్నీ తెల్లగా కనిపించాయి.

"వదినా, లెగువు. ఏంది అట్టా ఉండిపోయావ్?" అంది రసూల్‌బీ.

"లేవలేకపోతన్నా రసూల్‌బీ. వెనక నించి ఎవరో పట్టుకున్నట్టుంది."

గంప వదిలేసి లేవడానికి చూసింది. కాలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి చూసింది. కాలేదు. పిచ్చమ్మకి నొప్పికన్నా ముందు భయం వేసింది. ఆ భయం కూడా ఎందుకనుకున్నారు? ఇంటి దగ్గర పొయ్యి మీద ఇంకా ఏమీ పెట్టలేదే అని!

మిరప బస్తాలతో పాటు ఆమెనీ ట్రాక్టరు ఎక్కించి ఇంటికి చేర్చారు. బస్తాలు జాగ్రత్తగా దింపమని డ్రైవరుకి యలమందయ్య రెండుసార్లు చెప్పాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నిజంగానే కంగారుపడ్డాడు. అమృతాంజనం సీసా సగం ఖాళీ అయ్యేదాకా తనే రుద్దాడు.

ఆ సాయంత్రం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. ఊరివాళ్ళ ప్రేమ ఎట్లా ఉంటుందో తెలియాలంటే నడుం పడిపోవాలి!

ముందు యలమందయ్య అక్క వచ్చింది. "ఇది వాతమే. వంకాయ, గోంగూర, దుంపలు ముట్టుకోనియ్యబాకండి" అంది. ఎదురింటాయన వచ్చి కందిపప్పు, శనగపప్పు వాయువన్నాడు. ఆర్‌.ఎం.పి. వచ్చి సూది పొడిచి, గుడ్డు, చేప వేడి చేస్తాయన్నాడు. పాలూ పెరుగూ కఫమని ఒకరన్నారు. అరటిపండు నొప్పిని పట్టి ఉంచుతుందని ఇంకొకరన్నారు. ఆకుకూరలు ఎందుకొద్దన్నారో గుర్తులేదు కానీ, వద్దన్నారు.

మూడో రోజుకి లెక్కచూస్తే మిగిలింది అన్నం, చారు. అదీ చింతపండు వెయ్యని మిరియాల చారు.

చూశారా! తినకూడనివి చెప్పడానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఒక్కరైనా తినాల్సింది పట్టుకొచ్చారా? అది మర్యాద కాదు కదండీ!

పట్టుకొచ్చింది రసూల్‌బీ ఒక్కతే. పన్నెండో రోజు పైటకొంగులో రెండు ఉడికిన గుడ్లు చుట్టుకుని వచ్చింది. పిచ్చమ్మ అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతోంది కానీ, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి.

"తిను వదినా."

"వేడి చేస్తదంటగా."

"నువ్వు చల్లబడిపోయినాక ఇంక వేడి చేసేదేం ఉండదులే. ముందు తిను."

పిచ్చమ్మ ఒకటి తింది. రెండోది శ్రీకృష్ణకి దాచింది. రసూల్‌బీ ఆ ఇంట్లోంచి తిట్టుకుంటూ వెళ్ళింది.

నొప్పి తగ్గకపోయేసరికి యలమందయ్య ఆమెని గుంటూరు తీసుకెళ్ళాడు. ఇది మరో వరం! ఆమె కోసిన కాయ ఇరవై ఆరేళ్ళుగా ఏటా గుంటూరు యార్డు చూసొస్తోంది. ఆమె మాత్రం ఆ ఊరు వెళ్ళింది రెండుసార్లే. నడుం విరక్కపోతే మూడోసారి ఎవరు తీసుకెళ్తారు?

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూశాడు. వెన్నుపూస ఒకటి కాస్త కుంగిందన్నాడు. ఎముకలు గుల్లబారుతున్నాయన్నాడు. ఒంట్లో రక్తం కూడా చాలా తక్కువుందన్నాడు. ఫిల్ము మీంచి చూపు తిప్పకుండానే, "ఈవిడ తిండి ఎలా ఉంటుందండీ?" అని యలమందయ్యని అడిగాడు.

"తిండికేం లోటండీ! ఇంట్లో పాడుంది. కూరగాయలు పండుతాయి. మాకేం తక్కువ!" అన్నాడు యలమందయ్య గర్వంగా. అందులో ఒక్క అబద్ధం లేదు. నిజంగానే ఇంట్లో పాడుంది.

పిచ్చమ్మ ఆ ఫిల్ము వంక చూస్తూ కూర్చుంది. తన ఎముకలు తనకే పొగలాగా కనిపించాయి.

డాక్టరు మాత్రలు రాసి, నడుంకి బెల్టు ఇచ్చి, చివర్లో ఓ రంగుల కాగితం చేతిలో పెట్టాడు. డైట్ చార్టు! దానిమీద నవ్వుతున్న ఒక దొరసాని బొమ్మ. కింద అంతా ఇంగ్లీషు. వెంట వచ్చిన శ్రీకృష్ణ బస్సులో చదివి చెప్పాడు.

"రోజూ అరలీటరు పాలు, రెండు గుడ్లు, బాదం పప్పులు పది, చీజు, సముద్రపు చేప, బ్రోకలీ..."

"బ్రోకలీ ఏందిరా?" అన్నాడు యలమందయ్య.

"క్యాలీఫ్లవరే నాన్నా. పచ్చగా ఉంటది."

"పచ్చగానా? ఏం తెగులురా దానికి?"

బ్రోకలీకి తెగులు కాబట్టి వదిలేశారు. మిగతావి కొన్నారు. యలమందయ్య పిసినారి కాదు. గుడ్లు, బాదం పప్పు, పాలలో కలుపుకునే పొడి డబ్బా, అన్నీ ఇంటికొచ్చాయి. చార్టు గోడకి అంటించారు. ఇక ఏమైంది?

"ఒక్కళ్ళే డైట్ చెయ్యాలంటే బోరమ్మా. అందరం కలిసి ఫాలో అవుదాం" అన్నాడు శ్రీకృష్ణ. ఎంత మంచి కొడుకు!

గుడ్లు ఉడకబెట్టేది పిచ్చమ్మ. బాదం పప్పు నానబెట్టి తొక్క తీసేది పిచ్చమ్మ. గేదె చూడి మీద పాలు మానేసింది కాబట్టి, కొన్న పాలు కాచి పొడి కలిపేది పిచ్చమ్మ. బెల్టు మాత్రం డాక్టరు చెప్పినట్టే తప్పకుండా పెట్టుకుని చేసేది. తన కోసం రోజూ ఒక గుడ్డు పక్కన పెట్టుకునేది కూడా. తీరా యలమందయ్య ముద్ద కలుపుతూ "ఇంకోటి లేదా?" అనేవాడు. ఆ మాట వినపడగానే ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే గిన్నెలోకి వెళ్ళేది. ఇరవై ఆరేళ్ళ అలవాటున్న చెయ్యి. అది ఎవరి మాటా వినదు, పిచ్చమ్మ మాట అసలు వినదు.

నెల తిరిగేసరికి డైట్ చార్టు అద్భుతంగా పనిచేసింది. శ్రీకృష్ణకి భుజాలొచ్చాయి. యలమందయ్య చొక్కాకి కింది రెండు గుండీలు పట్టడం మానేశాయి. రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు పిచ్చమ్మ మాత్రం బరువు కిలోన్నర తగ్గింది.

"చార్టు ఫాలో అవుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఒక్కరోజు తప్పలేదండీ!" అన్నాడు యలమందయ్య, పొట్ట సర్దుకుంటూ.

ఇదీ అబద్ధం కాదు.

ఇంతలో చైత్రంలో గేదె ఈనింది. పెయ్యదూడ. ఇల్లంతా సంబరం. మూడో రోజు పొద్దున పిచ్చమ్మ కుడితి తీసుకుని కొట్టంలోకి వెళ్తే గేదె పడుకునే ఉంది. అదిలించింది. లేవలేదు. మెడ పక్కకి వాల్చి, కళ్ళు తేలేసి చూస్తోంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

పిచ్చమ్మ కేక విని యలమందయ్య పరిగెత్తుకొచ్చాడు. దాని పక్కన కూలబడి దాని మెడ నిమురుతూ, "ఏమైందే తల్లీ... లెగవే..." అని బావురుమన్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవి. వెంటనే శ్రీకృష్ణ మోటారుసైకిలు తీశాడు. ఆ కుర్రాడు అంత వేగంగా ఏ పనికైనా లేవడం పిచ్చమ్మ అంతకుముందు చూడలేదు.

గంటలోపే పశువుల డాక్టరు వచ్చింది. జయకుమారి గారని, ముప్పై ఏళ్ళ మనిషి, నోరు కాస్త కఠినం. చూసిన వెంటనే పెద్ద సీసా తీసి, గేదె మెడ నరంలో సూది గుచ్చి, మందు నెమ్మదిగా ఎక్కిస్తూ కూర్చుంది. చుట్టూ పదిమంది. రసూల్‌బీ కూడా వచ్చింది. పిచ్చమ్మ బెల్టు బిగించుకుని కొట్టం గుంజకి ఆనుకుని నిలబడింది.

"ఏమైందండీ దీనికి? ఎవరైనా దిష్టి..." అన్నాడు యలమందయ్య.

"దిష్టి కాదు. కాల్షియం పడిపోయింది. సున్నం అనుకోండి. ఒంట్లో ఉన్నదంతా పాలలోకి పోయింది. చూడి మీదున్నప్పుడు ఏం పెట్టారు?"

"ఎండుగడ్డి వేస్తూనే ఉన్నామండీ. తవుడు కూడా అప్పుడప్పుడూ..."

"అప్పుడప్పుడా? అది రోజూ ఇవ్వాలి, మీరు అప్పుడప్పుడు పెట్టాలా? మేతలో రాకపోతే ఎముకల్లోంచి తోడి ఇవ్వాల్సిందే. ఎంతకని ఇస్తది? ఎక్కడో ఒకచోట కూలబడుద్ది. నోరు లేంది, అడగదుగా!"

పిచ్చమ్మ గుంజని గట్టిగా పట్టుకుంది. పొగలాగా కనిపించిన ఎముకలు కళ్ళ ముందుకొచ్చాయి. గుంటూరు డాక్టరు ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి చెప్పిందల్లా ఆమెకి ఇప్పుడు తెలుగులో అర్థమైంది.

అరగంటకి గేదె ఒళ్ళు విదిల్చింది. ముందు మోకాళ్ళ మీదకి, తర్వాత నాలుగు కాళ్ళ మీదకి లేచి నిలబడింది. అందరూ హమ్మయ్య అన్నారు. యలమందయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"రెండు రోజులు పాలు పూర్తిగా పిండబాకండి, దూడకి సరిపడా తియ్యండి. దానికి రెస్టు కావాలి. పచ్చిగడ్డి, తవుడు, పత్తిగింజల చెక్క, ఈ ఖనిజలవణాల పొడి రోజూ పెట్టండి. రాసిస్తా."

"రాయండమ్మా, ఇప్పుడే గుంటూరు పోయి తెస్తా."

అప్పుడు రసూల్‌బీ ఊరికి వినపడేలా అంది. "యలమందన్నా, ఎట్టాగూ డాక్టరమ్మ వచ్చింది. నీ ఇంట్లో ఇంకోటి కూడా రెండు నెల్ల నించీ లెగవట్లా. దానిక్కూడా రాయించుకో!"

ఒకరిద్దరు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. గుంజ దగ్గరున్న పిచ్చమ్మ వైపు తిరిగి, బెల్టునీ, పాలిపోయిన గోళ్ళనీ చూసింది.

"ఏం తిన్నావమ్మా పొద్దున్నించీ?"

"ఇంకా లేదండీ. గేదె పడిపోయిందిగా."

"నిన్న?"

పిచ్చమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. నిన్న మధ్యాహ్నం ఎవరెవరు ఏమేం తిన్నారో ఠక్కున చెప్పగలదు. యలమందయ్యకి గుడ్డుకూర రెండోసారి వడ్డించింది. శ్రీకృష్ణ పెరుగు సరిపోలేదన్నాడు. తను ఏం తింది? ఎంత వెతికినా గుర్తురాలేదు. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గుర్తులేదండీ" అంది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ, "నేను పశువులకి మాత్రమే రాస్తా. కానీ ఎముక ఎవరిదైనా ఎముకే. అది నోరు లేంది, పడిపోయింది. నీకు నోరుంది" అనేసి బండెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే యలమందయ్య తవుడు, చెక్క, పొడి అన్నీ తన చేత్తో కలిపి గేదె ముందు పెట్టాడు. వంటింటి గడపలో నిలబడ్డ పిచ్చమ్మకి ఆయన మాటలు వినబడుతున్నాయి. "తినమ్మా... మొత్తం తిను తల్లీ. మిగల్చమాక. ఇంకా కావాలంటే పెడతా."

గేదె మీద అసూయపడటం మర్యాదస్తుల లక్షణం కాదు. పిచ్చమ్మ పడింది.

ఆ మధ్యాహ్నం తోటకూర పప్పు చేసింది, గుడ్లు ఉడకబెట్టింది. మగవాళ్ళు ఇంకా చేలోంచి రాలేదు. కంచం పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ముందుగా తనే! మొదటి ముద్ద గొంతు దిగలేదు. పక్కింట్లో దొంగతనం చేస్తున్నట్టు గుమ్మం వంక చూసింది. రెండో ముద్ద దిగింది. గుడ్డు నోట్లో పెట్టుకుంటుండగా యలమందయ్య, శ్రీకృష్ణ లోపలికొచ్చారు.

యలమందయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందే, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఆకలేసింది."

"మరి మాకు?"

"గిన్నెల్లో ఉంది. పెట్టుకోండి."

తండ్రీ కొడుకులు గరిట కోసం వంటిల్లంతా వెతికారు. పుట్టి పెరిగిన ఇంట్లో గరిట ఎక్కడుంటుందో యాభై ఏళ్ళ యలమందయ్యకి తెలియదు. ఆకాశం విరిగి పడలేదు. అన్నం మాత్రం కొంచెం కింద పడింది.

వారం తర్వాత పాలు మళ్ళీ కేంద్రానికి వెళ్ళడం మొదలైంది. మొదటి రోజే యలమందయ్య క్యాను పట్టుకుని విసురుగా తిరిగొచ్చాడు.

"పొద్దున కొలిచిందానికి అరలీటరు తగ్గిందంటన్నారు. ఏమైనయ్యి?"

"తాగా" అంది పిచ్చమ్మ.

"ఎవరు?"

"నేను."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "చెప్పి తాగొచ్చుగా" అన్నాడు.

"మేత తగ్గితే గొడ్డు పాలు తగ్గించుద్ది. అప్పుడు నీకు తెలుసుద్ది. నాకా తెలివి లేక ఇరవై ఆరేళ్ళలో ఒక్క పూటన్నా పని తగ్గించలా. అందుకే నీకు తెలవలా." గొంతు పెంచకుండా అంది. పెంచాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు నుంచీ యలమందయ్య మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. చారు చప్పగా ఉందంటాడు, తువ్వాలు ఎక్కడుందంటాడు. కాకపోతే అరలీటరు గురించి మళ్ళీ అడగలేదు. "ఇంకోటి లేదా?" అని అడగబోయి, భార్య కంచం వంక చూసి, మజ్జిగ పోసుకోవడం నేర్చుకున్నాడు. శ్రీకృష్ణకి గరిట ఉండే చోటు తెలిసింది.

పిచ్చమ్మ కుంగిన వెన్నుపూస తిరిగి లేవలేదు. అది లేవదని గుంటూరు డాక్టరు చెప్పాడు. కానీ రక్తం పెరిగింది. కళ్ళు తిరగడం మానేశాయి. మరుసటి ఏడాది కోతకి రోజూ రెండుగంటలు వెళ్ళింది. నాలుగు సాళ్ళకోసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడి, కాసేపు అట్లాగే చుట్టూ చూసేది. అంత దూరం చేను కనిపిస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

కాబట్టి ప్రభుత్వంవారికి ఒక్కటే మనవి. ఈసారి పశుగణన చేసేటప్పుడు గేదెలు, ఆవులు, మేకలతో పాటు ఇంటి ఆడవాళ్ళని కూడా రాసుకోండి! వాళ్ళకీ దాణా వస్తుంది, సూదిమందు వస్తుంది, ఈనినప్పుడు రెండు రోజులు రెస్టు వస్తుంది. పడిపోతే పక్కన కూర్చుని ఏడ్చే మొగుడు కూడా వస్తాడు.

ఆడవాళ్ళకి ఇది అవమానం అంటారా? అయితే పిచ్చమ్మని అడిగి చూడండి. కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో 'ఏం తిన్నావమ్మా' అని ఆమెని అడిగిన మొదటి మనిషి, ఆ పశువుల డాక్టరే!